రాకాసిపేట ఎండమ్మ

పెళ్లయిన నలభయ్యో రోజున దేవవ్వకు నొప్పులు మొదలయ్యాయన్న వార్త బోధన్ రాకాసిపేటలో గుప్పుమంది. తప్పంతా మొగుడిదే. మన భాషలో నొప్పి ఒకటే అయితే అది తలదో పంటిదో అయి ఉంటుంది, దానికోసం ఎవరూ లేచి రారు. అదే నొప్పులు అన్నారంటే మాత్రం కాన్పే, మంత్రసానిని పిలవాల్సిందే. ఈ తేడా మార్కండేయకు తెలియదు. ఇరవై రెండేళ్లవాడు, చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ, ఆడవాళ్ల సంగతులు అతనికి ఎవరు కూర్చోబెట్టి చెబుతారు? కొత్త పెళ్లాం తెల్లారేసరికి చాప మీద ముడుచుకుపోయి, కొంగు నోట్లో కుక్కుకొని, చెమటలు కక్కుతుంటే చూసి బనీను మీదే వీధిలోకి పరుగెత్తాడు. మా ఆమెకు నొప్పులస్తున్నయి, ఎవరన్న రాండ్రి అని కేక పెట్టాడు.

వచ్చారు. పిలిస్తే రాకుండా ఉండే పేట కాదది. మంత్రసాని లింగవ్వ ఆముదం సీసా, పాత గుడ్డల మూట చంకన పెట్టుకొని అందరికన్నా ముందు వచ్చింది. ఆమె వెనకాల చేటల్లో బీడీలు చేటల్లోనే వదిలేసి ఇరవై మంది ఆడవాళ్లు. గుమ్మం దగ్గర నిలబడి వేళ్లు మడవడం మొదలుపెట్టారు. ఎటు నుంచి మడిచినా నలభై రోజులు తొమ్మిది నెలలు కావడం లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలు వచ్చింది, చూలు సంగతి తేలలేదు, అయినా పక్కింటి అంజవ్వ మగపిల్లాడేనని తేల్చేసింది. అంజవ్వకు విన్నది సగమైతే చెప్పేది రెండింతలు. అందుకే పేటలో ఆమె అంటే అందరికీ ఇష్టం.

లింగవ్వ లోపలికి పోయి, కడుపు నొక్కి చూసి, బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. బిడ్డా లేదు గిడ్డా లేదు, ఇది నెలనెలా వచ్చే ముట్టు నొప్పి అని చెప్పి సీసా తీసుకొని వెళ్లిపోయింది. వచ్చినవాళ్ల నిరాశ అంతా ఇంతా కాదు. పొద్దున్నే పని చెడగొట్టుకొని వస్తే కనీసం కవలలైనా పుట్టకపోతే ఎట్లా?

అందరికన్నా ఎక్కువ తలవంపులు అత్త భూమవ్వకు. ఆమె ఇద్దరు కొడుకులను కని, వారం తిరగకముందే మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి. ఒంట్లో బాగా లేదన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. పెద్దకొడుకు రాజమల్లు, పక్క వాటాలో ఉండే అతని పెళ్లాం, గుమ్మంలో ఉన్న ఇరవై మంది, అందరూ వినేలా ఆమె ఒకే మాట అంది.

"అందరికచ్చేదే నీకూ అచ్చింది. గివన్ని నకరాలు."

పేటలో అప్పటికే ఇద్దరు దేవవ్వలున్నారు, పొడుగు దేవవ్వ, దుకాణం దేవవ్వ. మూడో దేవవ్వకు ఒక గుర్తు కావాలి. ఆ పొద్దున అది దొరికింది. ఆ రోజు నుంచి ఆమె నకరాల దేవవ్వ.

దేవవ్వది వేల్పూరు. నొప్పి ఆమెతో పాటు కాపురానికి వచ్చింది గాని కాపురంలో పుట్టింది కాదు. పద్నాలుగో ఏట మొదలైంది. నడుములో పుట్టి, తొడల్లోకి దిగి, వెనక్కి తిరిగి, చెంబు పట్టుకొని పోవాలన్నా ప్రాణం మీదికి తెచ్చేది. వాంతులయ్యేవి. పెళ్లయితే పోతుందని తల్లి అంది. పెళ్లయ్యాక, ఒక కాన్పయితే పోతుందని పేట అంది. కాన్పు రాలేదు, నొప్పి పోలేదు. మొగుడి పక్కన పడుకోవాలన్నా లోపల ఎక్కడో పొడిచినట్టయ్యేది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? మార్కండేయ మంచివాడు. ఆమె ముఖం చూసి తానే పక్కకు జరిగేవాడు. జరిగినందుకు ఆమెకు ఇంకా సిగ్గు వేసేది.

మందులు వాడలేదని కాదు. వాము కషాయం తాగింది, ఇంగువ మింగింది. హకీం ఇచ్చిన నల్లటి లేహ్యం తిని మూడు రోజులు వేరే బాధ పడింది. చివరికి ఆమెకు నమ్మకమైన తోడు ఒక ఇటుక. పొయ్యిలో వేడి చేసి, పాత పంచెలో చుట్టి, పొత్తికడుపు మీద పెట్టుకుంటే కాసేపు ఊపిరి ఆడేది. ఇటుక ఒక్క మాట అనేది కాదు. ఆ ఇంట్లో అంత మంచిది ఇంకోటి లేదు.

పేటలో మగ్గాలు మూలబడి చేటలు ఒళ్లోకి వచ్చిన కాలం అది. ఆ మూడు రోజులు బయట ఉన్న ఆడది పొయ్యి ముట్టరాదు, బిందె ముట్టరాదు, ఉప్పు జాడీ వైపు చూడనే రాదు. తంబాకు మాత్రం ముట్టవచ్చు. బీడీకి మైల లేదని ఏ శాస్త్రంలో ఉందో గాని పేటలోని అత్తలందరికీ అది కంఠతా వచ్చు. పైగా వంట పని లేదు కదా, ఖాళీగానే ఉన్నావు కదా అని మామూలు రోజుల్లో వెయ్యి చుట్టేదానికి ఆ మూడు రోజులు పదిహేను వందల ఆకు తడిపి ముందు పెట్టేవారు. దేవవ్వ అరుగు మీద ఒంగి కూర్చొని, ఇటుక కడుపులో దాచుకొని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. మడుస్తూ పళ్లు బిగించేది. దారిన పోయేవాళ్లు నకరాలు ఎట్ల నడుస్తున్నయని పలకరించేవాళ్లు.

మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవతో. దేవవ్వ సంగతీ అంతే. నొప్పిని ఆమె ఓర్చుకోగలదు, అలవాటైన శత్రువు. నొప్పి లేదన్నప్పుడే ఆమెకు గుండె రగిలిపోయేది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇది నిజమే అంటే చాలు, ఇంకో వంద నెలలు పడతాను అనుకునేది. ఆరేళ్లలో ఆ ఒక్కరు దొరకలేదు.

అరవై ఏడులో, చెరుకు సీజను మొదలైన వారానికి, బీడీ ఖార్ఖానాలో చేట దించబోయి నిలువునా కూలిపోయింది. మార్కండేయ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక్కసారి నోరు జారి నొప్పులు అన్నందుకు ఆరేళ్లు అనుభవించాడు, ఆ తరువాత నోరు ఇంకా తగ్గించాడు. ఈసారి ఎవరినీ పిలవలేదు. ఫ్యాక్టరీకి సెలవు చెప్పి, పెళ్లాన్ని రైలెక్కించి నిజామాబాద్ తీసుకుపోయాడు.

అక్కడ నాందేడు వైపు నుంచి వచ్చిన తారాబాయి అనే డాక్టరమ్మ చిన్న దవాఖానా పెట్టుకొని ఉంది. ఆమె తెలుగులో సగం మరాఠీ, పావు ఉర్దూ, మిగిలింది చేతులు. కానీ అడగాల్సినవన్నీ అడిగింది. ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడికి పాకుతుంది, కూర్చుంటే ఎట్లా, లేస్తే ఎట్లా, మొగుడి దగ్గర ఎట్లా. ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకుంది. తన నొప్పిని ఒకరు రాసుకోవడం దేవవ్వ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూసింది. చూసి భయమేసింది.

"నకరాలైతే సెప్పు డాక్టరమ్మా, ఇంటికి పోత," అంది.

తారాబాయి కలం ఆపింది. "నకరా కాదు బాయీ," అంది. "ఇది బీమారి."

దేవవ్వ ఏడ్చింది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ, సంతోషంతో ఏడ్చింది. ఇంత పెద్ద రోగం ఉందని చెబితే ఇంత సంతోషపడ్డ మనిషిని తారాబాయి ఎన్నడూ చూడలేదట.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత ఇంటి గుట్టు గురించి పుట్టింది. దేవవ్వ గుట్టు మాత్రం నిజంగానే కడుపు చించాక బయటపడింది. వారం తరువాత తారాబాయి ఆపరేషన్ చేసింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది సంచి బయట కూడా మొలిచిందట. అదీ నెలనెలా నెత్తురు కారుస్తుందట, కారడానికి దారి లేక అక్కడే గడ్డ కడుతుందట. ఆ నెత్తురుకు చుట్టుపక్కలవన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, సంచికి పేగు, పేగుకు పక్కది. అతుక్కోవడం గురించి డాక్టరమ్మ చేతులతో చెప్పబోయింది గాని దేవవ్వకు చెప్పాల్సిన పని లేకపోయింది. తడిపిన తునికాకును గోనెసంచిలో రెండు రోజులు మరిచిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒకటి లాగితే రెండోది చిరుగుతుంది. విడదీయగలిగినంత విడదీశానని, చిరిగేవాటి జోలికి పోలేదని, గోలీలు రాసిస్తున్నానని, మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేనని తారాబాయి ఉన్నదున్నట్టు చెప్పింది.

రాదన్న మాట దేవవ్వ అడగనే లేదు. ఆమెకు పేరు కావాలి. పేరంటూ ఉంటే దాన్ని తీసుకుపోయి అత్త ముందు పెట్టవచ్చు, అంజవ్వ ముందు పెట్టవచ్చు, మొత్తం పేట ముందు పెట్టవచ్చు. డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అంది. దేవవ్వ మళ్లీ చెప్పించుకుంది. నాలుగుసార్లు చెప్పించుకుంది. ఇంత చిన్న ఆడదాని కడుపులో అంత పొడుగు పేరు పడుతుందా అని మార్కండేయ ఆశ్చర్యపోయాడు.

కుట్లు మానాక రైలెక్కారు. పేరు చెదరకుండా ఇంటికి చేర్చడమే ఇప్పుడు పెద్ద పని. కుదుపు కుదుపుకీ ఒక అక్షరం జారిపోతోంది. జానకంపేట దగ్గర బండి చాలాసేపు నిలిచింది, అక్కడ కూర్చొని మొగుడూ పెళ్లాలు ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు సగం దేవవ్వ మోయాలి, వెనక సగం మార్కండేయ మోయాలి. ఆమె ఎండో అనాలి, అతను మెట్రియోసిస్ అనాలి. బోధన్ స్టేషన్ వచ్చేదాకా అట్లాగే అనుకుంటూ వచ్చారు. ఎదురుగా కూర్చున్న ముసలాయన వీళ్లేదో జపం చేస్తున్నారనుకొని దండం పెట్టాడు.

రిక్షా ఇంటి ముందు ఆగేసరికి పేట సగం అరుగుల మీద ఉంది. అంజవ్వ అందరినీ తోసుకొని వచ్చి, ఏం తేలిందని అడిగింది. దేవవ్వ ఆరేళ్లుగా ఎదురుచూసిన ఘడియ అది. నడుం నిటారుగా పెట్టుకొని, "ఎండో" అని చెప్పి, మిగతా సగం కోసం మొగుడి వైపు తిరిగింది. మొగుడు రిక్షాలో ఇరుక్కున్న ట్రంకుపెట్టె గుంజుతున్నాడు.

"ఎండమ్మా?" అంది అంజవ్వ. అని, రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించింది.

ఆమెను అని లాభం లేదు. మసూచి వస్తే పోచమ్మ వచ్చిందంటాం, ఊరవతల మైసమ్మ ఉంది, చెరుకు తోటల దారిలో ఎల్లమ్మ ఉంది. ఇంతమంది అమ్మల మధ్య ఇంకో అమ్మ ఉందంటే నమ్మడానికి ఏం కష్టం? పేరుకు అర్థం కూడా కుదిరింది. కడుపులో వైశాఖపు ఎండలా మండిస్తుంది కాబట్టి ఎండమ్మ. సాయంత్రానికి మూడు వాడలకు తెలిసిపోయింది. డాక్టరమ్మ కడుపు కోసి చూస్తే లోపల అమ్మవారు కూర్చొని ఉందట, డాక్టరమ్మ కత్తి కింద పెట్టి మొక్కిందట.

కాదని చెప్పడానికి దేవవ్వ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే భూమవ్వ తన నులక మంచం మీది నుంచి లేచింది. దుప్పటి దులిపి పరిచి, కోడలి వైపు చూడకుండా, పడుకోమని చేత్తో చూపించింది. ఆ మంచం మీద భూమవ్వ తప్ప ఇంకొకరు కూర్చోగా ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. దేవవ్వ తెరిచిన నోరు మూసుకొని పడుకుంది. హాయిగా ఉంది. అంత హాయిని వదులుకొని నిజం చెప్పగలిగేవాళ్లు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు గాని ఆమె మాత్రం ఆ రోజు చెప్పలేకపోయింది.

మరునాడు మార్కండేయ గొణిగాడు, ఇది తప్పు కదా అని. నేను అమ్మవారని ఎక్కడన్నాను, వాళ్లే అనుకున్నారు, నీ సగం నువ్వు టైముకు చెబితే ఇంతదాకా వచ్చేదా అని ఆమె ఎదురు తగులుకుంది. సగం పేరుతో వాదన గెలవడం కష్టమని అతను ఫ్యాక్టరీకి పోయాడు.

ఇక అంజవ్వ వచ్చి అడగడం మొదలుపెట్టింది, అమ్మవారికి ఏం ఇష్టం, ఏం గిట్టదు అని. దేవవ్వ మంచం మీద కళ్లు మూసుకొని ఆలోచించి చెప్పేది. ఎండమ్మకు కల్లు అక్కర్లేదు, కోడి అక్కర్లేదు. వేడి నీళ్లు ఇష్టం. ఆమెకు మూడు రోజులు చాలవు, నాలుగు కావాలి, ఆ నాలుగు రోజులు ఆమె ఉన్న ఒంటితో ఆకు తడపరాదు, చేట ముట్టరాదు. ఒంగి కూర్చోబెడితే ఉగ్రరూపం. అన్నిటికన్నా గిట్టనిది ఒక మాట, నకరాలు అనే మాట. ఆ మాట చెవిన పడితే అన్నవాళ్ల కడుపులోకే వచ్చి కూర్చుంటుంది. ఈ చివరిది చెప్పేటప్పుడు తోడికోడలు వాకిట్లో ఉండేలా దేవవ్వ చూసుకుంది. కొంచెం ఎక్కువే చేసింది, కాదనను. ఆరేళ్ల బాకీ కదా.

అయితే దేవతలతో చెలగాటం ఊరికే పోదు. ఒకరోజు ఆమె లేచి చూసేసరికి ఇటుక లేదు. అంజవ్వ దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, రెండు వేపమండల మధ్య వాకిట్లో గోడ మూలన నిలబెట్టింది. ఇన్నాళ్లు అమ్మవారు ఉన్నది ఇందులోనేనట. మొక్కిన ఇటుకను పొయ్యిలో పెట్టేదెట్లా? దేవవ్వ ఇంకో ఇటుక వెతుక్కుంది. అది మాత్రం మొదటిదంత బాగా వేడి పట్టలేదు.

నాలుగేళ్లు ఎండమ్మ ఏలుబడి నడిచింది. నొప్పి పోయిందని కాదు. గోలీలతో ఏడాదిన్నర చల్లబడి, మళ్లీ మెల్లగా తలెత్తింది. లోపల విడదీయకుండా వదిలినవి లేచినప్పుడల్లా గుంజేవి. అందుకని దేవవ్వ మూడు విడతల్లో లేవడం నేర్చుకుంది. ముందు చేయి ఆనించి, తరువాత మోకాలు, ఆ తరువాత మిగతా మనిషి. తారాబాయి దగ్గరికి ఆరు నెలలకోసారి పోయి వచ్చేది. కానీ ఆ నాలుగు రోజులు ఆమె మంచం మీద ఉంటే ఎవరూ కిక్కురుమనేవారు కాదు, ఆమె వంతు ఆకు కూడా తోడికోడలే చుట్టేది. నకరాల దేవవ్వ పోయి ఎండమ్మ దేవవ్వ అయింది. పొడుగు దేవవ్వకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

డెబ్బై ఒకటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం రాజమల్లు వచ్చాడు. చంకలో నల్లకోడి పుంజు, వెనకాల కూతురు రేణుక. పద్నాలుగేళ్ల పిల్ల, చిన్నమ్మా చిన్నమ్మా అని దేవవ్వ వెంట తిరిగి పెరిగింది. ఒంగిపోయి నడుస్తోంది. ఏడాదిగా ఇదే వరుసట, నెల నెలకూ ముదురుతోందట. నీకు చెబితే కోడి వద్దంటావని, నువ్వు ఇంట్లో లేనప్పుడు మాకు మేమే ఇటుక ముందు మూడు కోళ్లు కోశాం, అమ్మవారు దిగడం లేదు, నువ్వే అడిగి చెప్పు అన్నాడు రాజమల్లు. అంజవ్వ కూడా వచ్చి కూర్చుంది, ఇంకో పదిమంది వచ్చారు.

దేవవ్వ పిల్ల ముఖం చూసింది. రేణుక కొంగు అంచు నోట్లో పెట్టుకొని కొరుకుతోంది. చెమట పట్టిన ఆ ముఖం, ఆ బిగిసిన దవడ, ఆ కొంగు, అన్నీ దేవవ్వకు తెలిసినవే. ఏడాది! తను మంచం మీద పడుకొని అమ్మవారి ఇష్టాయిష్టాలు చెబుతూ నవ్వుకుంటున్న ఏడాదంతా ఈ పిల్ల పక్క వాటాలో ఇట్లా ఉంది. డాక్టరు దగ్గరికి పోవాల్సిన పిల్లను ఇటుక దగ్గరికి తెచ్చారు, ఆ ఇటుకను దేవతను చేసింది తన మౌనమే. మంత్రాలకు చింతకాయలు రాలవని ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. మంచం పోతుంది. నాలుగు రోజులు పోతాయి. పాత పేరు మళ్లీ వచ్చి నెత్తిన కూర్చుంటుంది, ఈసారి దొంగ అనే మాట కూడా తోడు తెచ్చుకుంటుంది. అయినా చేయి ఆనించి, మోకాలు ఆనించి, లేచి నిలబడింది.

"ఎండమ్మ లేదు బావా," అంది. "గది రోగం పేరు. డాక్టరమ్మ చెప్పింది. అంజక్క అమ్మవారనుకున్నది, నేను ఊకున్న. పిల్లను నిజామాబాద్ తోలుకపోదాం."

రాజమల్లు ఇటుక వైపు చూశాడు, మరదలి వైపు చూశాడు. అంజవ్వకు నోట మాట పడిపోయింది, రాకాసిపేట చరిత్రలో అది మొదటిసారి. తరువాత తోడికోడలు మెల్లగా అంది, అయితే ఇన్నేండ్లు మాతో ఆకు చుట్టించుకున్నవి నకరాలే అన్నమాట అని. ఆ మాట నాలుగేళ్ల తరువాత మళ్లీ ఆ వాకిట్లో వినబడింది.

"నోరు మూయ్," అన్నారెవరో లోపలి నుంచి.

భూమవ్వ గుమ్మం పట్టుకొని బయటికి వచ్చింది. అందరినీ ఒకసారి చూసింది.

"అమ్మవారు కాదని నాకెర్కనే. మంచమిచ్చిన నాడే ఎర్క."

దేవవ్వ తెల్లబోయింది. మరి ఎందుకు ఊకున్నవ్ అత్తా అని అడిగింది.

"నొప్పంటె నమ్మెటోళ్లు లేరు. అమ్మవారంటె నమ్ముతరు. నీకు అమ్మవారన్న దొరికింది, నాకు గదీ దొరకలే."

ఆ తరువాత ఆమె చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా, గోడకు చెప్పినట్టు. మగ్గం గుంటలో కూర్చొని, నోట్లో నూలు కండె బిగబట్టి, నెలనెలా ముప్పై ఏళ్లు పడిందట. ఒకసారి గుంటలోనే కళ్లు తిరిగి పడిపోతే అత్త వచ్చి అన్నదట, నకరాలు అని. దేవవ్వ మొదటిసారి చాప మీద ముడుచుకొని కనబడ్డ పొద్దున, అది ఏమిటో లింగవ్వకన్నా ముందు భూమవ్వకే తెలిసిందట.

"నిన్ను నమ్మితె, నన్నెవ్వలు నమ్మలేదన్నది యాదికొస్తుండె," అంది. "గందుకే అంటి."

దేవవ్వకు ముందు కోపమే వచ్చింది. తెలిసి అన్నదా! ఆరేళ్లు తెలిసి అన్నదా! ఒక్క మాట, పక్కన కూర్చొని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా. ఆ మాటే అనబోయి అత్త ముఖం చూసింది. ఎదురుగా ఉన్న ముసలిదాని దవడ కూడా రేణుక దవడలాగే బిగిసి ఉంది. ఇన్నేళ్లు అది కఠినమని దేవవ్వ అనుకుంది. కోపం పూర్తిగా పోలేదు గాని దాని మీద నిలబడడం ఇక కుదరలేదు. ఆమె పోయి అత్త చేయి పట్టుకుంది. భూమవ్వ ఒక క్షణం ఉండనిచ్చి, ఇక చాలన్నట్టు విదిలించుకుంది.

రాజమల్లు పుంజును కింద వదిలాడు. అది రెక్కలు దులుపుకొని గోడ దూకిపోయింది. అమ్మవారు లేకపోవడం వల్ల ఆ రోజు లాభపడ్డది అదొక్కటే. అంజవ్వ మాత్రం పోతూ పోతూ ఇటుక వైపు తిరిగి చిన్నగా దండం పెట్టింది, ఎందుకైనా మంచిదని.

మరునాడు పొద్దున రైలుకు దేవవ్వ రేణుకను తీసుకొని బయలుదేరింది. స్టేషన్‌లో చూస్తే భూమవ్వ అప్పటికే బెంచీ మీద కూర్చొని ఉంది, ఉతికిన చీర కట్టుకొని, తల దువ్వుకొని. ఎందుకని అడిగితే పిల్లకు తోడన్నది. అరవై దాటిన ఆమె నిజామాబాద్ మొహం చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు.

తారాబాయి ముగ్గురినీ లోపలికి పిలిచింది. కొత్త కాగితం తీసి, నొప్పి ఎవరికి అని అడిగింది. రేణుక తన కాళ్ల వైపు చూసుకుంది. దేవవ్వ నోరు తెరిచేలోపు భూమవ్వ ముందుకు జరిగింది.

"ముగ్గురికి రాయి," అంది.

డాక్టరమ్మ ఆమె తెల్లజుట్టు చూసి, ముట్టు ఆగి ఎన్నేళ్లయిందని మర్యాదగా అడిగింది. పదిహేనేళ్లు అని చెబితే, అయితే మీకు ఇప్పుడు నొప్పి లేదు కదా అమ్మా, మందు అవసరం లేదని చెప్పింది.

"మందద్దు. నాది అయిపోయింది," అంది భూమవ్వ. "అయినా రాయి. ముందుగాల నాది రాయి."

తారాబాయి ఆమె వైపు చూసింది. తరువాత కాగితం సరిచేసుకొని పేరు అడిగింది, రాసుకుంది, ఏ వయసులో మొదలైందని అడిగింది.

భూమవ్వ స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చుంది.

"పదమూడో ఏట," అని మొదలుపెట్టింది.